నగల ఫొటోల్లో రాయి మెరవాలంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

నగల ఫొటోల గురించి ఎవరు అడిగినా సందేహాలు దాదాపు ఇవే. ఒకరికి చెప్పిందే మరొకరికి మళ్లీ మళ్లీ చెప్పే బదులు అన్నీ ఒకచోట రాసి పెట్టాను. మొదటి నుంచి చివరిదాకా చదవక్కర్లేదు. మీ ప్రశ్న ఎక్కడుంటే నేరుగా అక్కడికే వెళ్లండి, ఏ జవాబుకా జవాబు పూర్తిగా ఉంటుంది.

## మొదలుపెట్టే ముందు

కంటికి ధగధగలాడుతున్న రాయి ఫొటోలో గాజుముక్కలా ఎందుకు కనిపిస్తోంది?

ఉంగరాన్ని చేతిలో పట్టుకుని చూసేటప్పుడు మనం క్షణం కూడా స్థిరంగా ఉండం. చెయ్యి కాస్త తిరుగుతుంది, తల కాస్త వంగుతుంది. ఆ ప్రతి కదలికకీ రాయిలో ఒక పలక (కోసిన చదును ముఖం) వెలుగుతుంది, పక్కది ఆరిపోతుంది. పైగా మనకు రెండు కళ్లు. కుడి కంటికి మెరిసిన పలక అదే క్షణంలో ఎడమ కంటికి చీకటిగా ఉండొచ్చు. ఇవన్నీ కలిస్తేనే మనం మెరుపు అంటాం. కెమెరాకు ఉన్నది ఒక కన్ను, దానికి చిక్కేది ఒక క్షణం.

ఇంకో కారణం రాయి లోపలే ఉంది. వజ్రం వక్రీభవన గుణకం (కాంతిని ఎంత వంచుతుందో చెప్పే అంకె) 2.42. లోపలికి వెళ్లిన కాంతి అడుగు పలకకు నిటారుగా కాకుండా 24.4 డిగ్రీలకు మించిన వాలులో తగిలితే బయటికి పోలేదు, అద్దానికి తగిలినట్టు తిరిగి పైకే వస్తుంది. అంటే బాగా కోసిన రాయి ఒక చిన్న అద్దాల గది. తన పైనా చుట్టూ ఏముంటే దాన్నే ముక్కలు ముక్కలుగా మనకు చూపిస్తుంది. చుట్టూ అంతా తెలుపే ఉంటే రాయి పాలిపోతుంది. అంతా చీకటైతే నల్లబడుతుంది. ఒక పలక తెల్లగా, దాన్ని ఆనుకున్నది నల్లగా ఉన్నప్పుడే మెరిసినట్టు ఉంటుంది. ఫొటో డల్‌గా వచ్చిందంటే చాలామంది ఇంకో లైటు తెచ్చి పెడతారు. చాలాసార్లు ఆ రాయికి కావాల్సింది కాస్త చీకటి.

ఫోన్ సరిపోతుందా, కెమెరా కొనాలా?

ఫోన్‌తో మొదలుపెట్టండి. వెలుతురు కుదిరితే మంచి ఫోన్ ఫొటో ఆన్‌లైన్‌లో పెట్టడానికి సరిపోతుంది. వెలుతురు కుదరకపోతే ఎంత ఖరీదైన మ్యాక్రో లెన్స్ (చిన్న వస్తువులను దగ్గరగా తీసే లెన్స్) పెట్టినా అదే చచ్చు ఫొటో వస్తుంది. పెద్ద సైజులో అచ్చు వేయాలన్నా, రాయి లోపలి మచ్చలు కూడా కనిపించాలన్నా, రోజుకు పదుల కొద్దీ నగలు తీయాలన్నా అప్పుడు కెమెరా గురించి ఆలోచించండి. లెన్స్ 90 నుంచి 105 మిల్లీమీటర్ల మ్యాక్రో అయితే మంచిది. నగకు మరీ దగ్గరికి పోనక్కర్లేదు, కాబట్టి మధ్యలో లైట్లూ కార్డులూ పెట్టుకోవడానికి చోటు మిగులుతుంది.

కనీసం ఏమేం సామాన్లు కావాలి?

ట్రైపాడ్, ఒకే రకం ఎల్‌ఈడీ లైట్లు రెండు, ఒక చిన్న టార్చ్, ట్రేసింగ్ పేపర్, తెల్ల అట్ట, నల్ల అట్ట, గాలి కొట్టే రబ్బరు బ్లోవర్, మైక్రోఫైబర్ గుడ్డ, చేతి తొడుగులు. వీటిలో మెరుపుకు ఎక్కువగా అక్కరకొచ్చేవి ఆ టార్చూ, ఆ నల్ల అట్టా.

నగ శుభ్రంగానే ఉంది కదా, ఫొటోలో మాత్రం మురికి ఎందుకు కనిపిస్తోంది?

ఆరు మిల్లీమీటర్ల రాయిని మీరు ఫోన్ తెర అంత చేసి చూస్తున్నారు. గుడ్డ నుంచి ఊడిన నూలుపోగు అక్కడ తాడులా కనిపిస్తుంది. అయినా అసలు సమస్య రాయి పైన ఉండదు, అడుగున ఉంటుంది. వజ్రానికి జిడ్డు ఇట్టే అంటుకుంటుంది. ఒకప్పుడు గనుల్లో నలగ్గొట్టిన రాళ్లను నీళ్లతో కలిపి గ్రీజు పూసిన బల్లల మీదుగా పారించేవారు. వజ్రాలు గ్రీజుకు అతుక్కునేవి, మిగతా రాళ్లు కొట్టుకుపోయేవి. మన వేలి జిడ్డు, సబ్బు, క్రీమ్ కూడా రాయి వెనకవైపు అలాగే పేరుకుంటాయి. అడుగున జిడ్డు పొర ఉంటే పైకి తిరిగి రావాల్సిన కాంతిలో చాలావరకు కిందికే జారిపోతుంది. అందుకే పైన ఎంత తుడిచినా రాయి మబ్బుగానే ఉంటుంది.

ఉంగరాన్ని తిప్పి వెనక నుంచి చూడండి. రాయిని పొదిగిన సెట్టింగ్ సందులో బూడిదరంగు పేస్టులాంటిది కనిపిస్తే ముందు అది పోవాలి. వజ్రమైతే గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కలు గిన్నెలు తోమే లిక్విడ్ వేసి పదిహేను నిమిషాలు నానబెట్టండి. తర్వాత మెత్తని టూత్‌బ్రష్‌తో వెనకవైపు నుంచి తోమి, కడిగి, ఆరబెట్టండి. ఆ తర్వాత వట్టి చేత్తో ముట్టుకోవద్దు.

అన్ని రాళ్లనూ ఒకేలా కడగొచ్చా?

వద్దు. పచ్చల్లో సహజంగా ఉండే పగుళ్లను నూనెతోనో రెసిన్‌తోనో నింపడం మామూలే. వేడి నీళ్లు, అల్ట్రాసోనిక్ మెషీన్ (శబ్ద తరంగాలతో కడిగేది) తగిలితే ఆ నింపిన పదార్థం దెబ్బతిని పగుళ్లు బయటపడతాయి. ముత్యాలు, పగడాలు చాలా మెత్తనివి, వాటిని తడిపి పిండిన మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలు. ముత్యాల దండను నానబెడితే లోపలి దారం తడిసి సాగుతుంది. ఓపల్‌లో నీటి అంశ ఉంటుంది కాబట్టి వేడి, ఉన్నట్టుండి మారే ఉష్ణోగ్రత రెండూ దానికి పడవు. టూత్‌పేస్ట్ మాత్రం ఏ నగకూ వాడకండి, అందులో ఉండే రాపిడి పొడి బంగారం మీద సన్నని గీతలు పెడుతుంది. రాయి ఏదో మీకే కచ్చితంగా తెలియకపోతే మెత్తటి గుడ్డతో ఆపేయండి.

## వెలుతురు

లైట్‌బాక్స్ (నగను లోపల పెట్టి తీసే తెల్ల గుడ్డ పెట్టె) కొన్నాను. బంగారం బాగా వస్తోంది, రాయి మాత్రం చచ్చిపోయినట్టుంది. ఏం చేయాలి?

ఇది నాకూ అనుభవమే. ఒక నీలం రాయి ఉంగరం తీయడానికి లైట్‌బాక్స్ ముందు గంటసేపు కూర్చున్నాను. బంగారం పట్టులా నున్నగా వచ్చింది, రాయి మాత్రం సిరాచుక్కలా చదునుగా ఉండిపోయింది. పేపరు మార్చుదామని పైకప్పు గుడ్డను ఒక పక్కకు జరిపాను. ఆ సందులోంచి టేబుల్ ల్యాంప్ వెలుగు సన్నగా పడింది. వెంటనే రాయి ఎడమ అంచున మూడు పలకలు తెల్లగా వెలిగాయి, వాటి మధ్య నీలం లోతుగా కనిపించింది. నేను చేసిందల్లా ఆ గుడ్డను నాలుగు వేళ్ల వెడల్పు జరపడమే.

లైట్‌బాక్స్ అన్ని వైపుల నుంచీ ఒకే మెత్తటి వెలుగు ఇస్తుంది. లోహానికి అదే కావాలి. రాయికి కావాల్సింది వేరు: చిన్న, గట్టి వెలుగు, దాని పక్కనే చీకటి. కాబట్టి రెండూ కలపండి. మెత్తటి వెలుగు కొద్దిగా తగ్గించి, పైకప్పులో చిన్న సందు వదిలి, అందులోంచి టార్చ్ గానీ చిన్న ఎల్‌ఈడీ గానీ రాయి మీదికి వేయండి. టార్చ్‌ను మెల్లగా అటూ ఇటూ కదుపుతూ తెర మీద చూస్తుంటే ఒకచోట రాయి ఒక్కసారిగా లేస్తుంది. టార్చ్ అక్కడే ఆపండి. అప్పుడు రెండు సెంటీమీటర్ల నల్ల అట్టముక్కను రాయి దగ్గరగా, ఫ్రేమ్‌లోకి రాకుండా పట్టుకోండి. కొన్ని పలకలు నల్లబడి, మిగతావి ఇంకా తెల్లగా కనిపిస్తాయి.

వెలుగు ఎంత చిన్న చుక్క అయితే వజ్రంలో రంగుల మెరుపులు అంత స్పష్టంగా వస్తాయి. పెద్ద వెలుగులో ఆ రంగులన్నీ ఒకదాని మీద ఒకటి పడి మళ్లీ తెల్లగా కలిసిపోతాయి.

ఎండలో తీస్తే బాగా మెరుస్తుంది కదా, ఎండ సరిపోదా?

రాయికి ఎండ మంచిదే, సూర్యుడు చిన్న గట్టి వెలుగు కాబట్టి రంగులు చిమ్ముతుంది. లోహం మాత్రం తట్టుకోలేదు. ఒకచోట తెల్లగా కాలిపోయి, పక్కన నల్లటి నీడ పడుతుంది. ఎండ నేరుగా పడని కిటికీ పక్కన బల్ల వేసుకుని, ఎదురుగా తెల్ల అట్ట నిలబెట్టి, మెరుపు కోసం టార్చ్ తోడు తీసుకుంటే రెండూ కుదురుతాయి. అలా తీసేటప్పుడు గదిలో బల్బులు ఆర్పేయండి. పగటి వెలుగూ పసుపు బల్బూ కలిస్తే ఒక పక్క నీలంగా, ఇంకో పక్క పసుపుగా వస్తుంది. దాన్ని తర్వాత సరిచేయడం చాలా కష్టం.

ఫోన్ ఫ్లాష్ వేయొచ్చా?

వద్దు. ఫ్లాష్ లెన్స్ పక్కనే ఉంటుంది, వెలుగు ఎదురుగా కొట్టి లోహం మీద తెల్ల మచ్చ పెడుతుంది. ఇంకో ఫోన్ ఉంటే దాని టార్చ్‌ను పక్కనుంచి పట్టుకోండి. అది మాత్రం చక్కగా పనికొస్తుంది.

ఎలాంటి ఎల్‌ఈడీ కొనాలి? సీఆర్‌ఐ 90 ఉంటే చాలా?

సీఆర్‌ఐ అంటే ఆ లైటు కింద రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే అంకె, గరిష్ఠం 100. నగలకు 95 దాటితే మంచిది. కానీ ఇక్కడ చాలామందికి తెలియని ఒక విషయం ఉంది. ఆ అంకెను 8 లేత రంగుల సగటుతో లెక్కిస్తారు, ముదురు ఎరుపు అందులో లేదు. ముదురు ఎరుపుకు ఆర్9 అని వేరే అంకె ఉంటుంది. సీఆర్‌ఐ 90 ఉన్నా ఆర్9 తక్కువైతే కెంపు గోధుమరంగుకు తిరిగి, ఎండిన రక్తంలా కనిపిస్తుంది. కెంపులు, పగడాలు తీసేవాళ్లు ఆర్9 కూడా 90 దాటిన లైటు చూసుకోండి. రంగు ఉష్ణోగ్రత 5000 నుంచి 5600 కెల్విన్ మధ్య ఉంటే పగటి వెలుగుకు దగ్గరగా ఉంటుంది. ఇంకో మాట, రెండు లైట్లూ ఒకే మోడల్ తీసుకోండి.

బంగారం మీద నా ఫోన్, చేతులు, సీలింగ్ ఫ్యాన్ అన్నీ కనిపిస్తున్నాయి. పోలరైజర్ (లెన్స్ ముందు పెట్టే ఒక ఫిల్టర్) పెడితే పోతాయా?

పోవు. గాజు, యాక్రిలిక్, నీళ్ల మీది ప్రతిబింబాలను పోలరైజర్ తగ్గిస్తుంది గానీ లోహం మీద మామూలుగా పనిచేయదు. పాలిష్ పెట్టిన బంగారం అద్దమే. అద్దంలో ప్రతిబింబాన్ని చెరపలేం, అందులో ఏం కనిపించాలో మాత్రం మన చేతిలోనే ఉంటుంది.

తెల్ల అట్టకు లెన్స్ పట్టేంత రంధ్రం చేసి, దాన్ని లెన్స్ ముందు తొడగండి. చేతి గాజు లోపలి వంపులో మీ ముఖం ఉన్నచోట ఇప్పుడు తెల్లటి మెత్తని వెలుగు కనిపిస్తుంది. మీరు నల్ల చొక్కా వేసుకుని, టైమర్ పెట్టి రెండు అడుగులు వెనక్కి జరగండి. బంగారం కాస్త ఆకుపచ్చగా, చల్లగా వస్తుంటే ఒక పక్క తెల్ల అట్టకు బదులు మీగడరంగు అట్ట పెట్టి చూడండి, వెచ్చదనం తిరిగొస్తుంది.

వెండి, ప్లాటినం నగలు తెల్ల బ్యాక్‌గ్రౌండ్‌లో కలిసిపోతున్నాయి. అంచులు ఎలా తేవాలి?

ఫ్రేమ్ బయట రెండు పక్కలా సన్నని నల్ల అట్ట పట్టీలు నిలబెట్టండి. లోహం అంచుల్లో వాటి ప్రతిబింబం సన్నటి నల్లగీతలా పడి ఆకారం తేలుతుంది. పట్టీని దగ్గరికి జరిపితే గీత లావవుతుంది, దూరం జరిపితే సన్నబడుతుంది.

## నగను అమర్చేటప్పుడు

ఉంగరం నిలబడటం లేదు. ఎలా నిలబెట్టాలి?

డెంటల్ మైనం గానీ, వస్తువులు కదలకుండా అతికించే మెత్తటి పుట్టీ గానీ పెసరగింజంత తీసుకుని ఉంగరం కింద, కెమెరాకు కనిపించని వైపు పెట్టి మెల్లగా నొక్కండి. అది ముత్యం, ఓపల్, టర్కాయిజ్ లాంటి రాళ్లకు తగలకుండా చూసుకోండి. వాటి సన్నని రంధ్రాల్లోకి జిడ్డు ఇంకితే మరక పడుతుంది. కమ్మలూ జుంకాలూ పడుకోబెట్టే కన్నా సన్నని దారంతో వేలాడదీసి, తర్వాత ఎడిటింగ్‌లో దారం తీసేస్తే సహజంగా ఉంటుంది. గొలుసు మెలికలు పడితే ఓపిగ్గా పుల్లతో ఒక్కో లింకూ సర్దాల్సిందే, దానికి వేరే దారి లేదు.

ఏ బ్యాక్‌గ్రౌండ్ మంచిది?

కేటలాగ్‌కైతే తెలుపు. రాయి గురించే చెప్పాలంటే మధ్యస్థ బూడిద రంగే నాకు ఎక్కువ ఇష్టం. దాని మీద తెల్ల మెరుపులూ నల్ల పలకలూ రెండూ విడివిడిగా తేలతాయి. నల్ల యాక్రిలిక్ షీట్ మీద కింద ప్రతిబింబం అందంగా పడుతుంది. అయితే దాని మీద ప్రతి దుమ్ము చుక్కా నక్షత్రంలా మెరుస్తుంది, ప్రతి షాట్‌కీ బ్లోవర్ కొట్టాలి. మామూలు అద్దం వాడకండి. గాజు పై పొర ఒకటి, వెనక వెండి పూత ఒకటి కలిసి రెండు ప్రతిబింబాలు చూపిస్తాయి. వెల్వెట్ గుడ్డ చూడ్డానికి బాగుంటుంది గానీ నూలు రాల్చి ప్రాంగ్స్‌లో (రాయిని పట్టి ఉంచే కొక్కేల్లో) ఇరికిస్తుంది.

రాయి నడుమ నల్లగా కనిపిస్తోంది. కొన్నిటిలో కింద పెట్టిన కాగితమే కనిపిస్తోంది. రాయిలో లోపమా?

రెండూ వేరు వేరు సంగతులు.

నల్లగా ఉందంటే అది చాలావరకు మీ లెన్సే. రాయికి నిట్టనిలువుగా కెమెరా పెడితే, రాయి అద్దాల్లా పనిచేసి ఆ నల్లటి లెన్స్‌నే తిరిగి చూపిస్తుంది. కెమెరాను కాస్త దూరం జరిపి, రాయిని 5 నుంచి 10 డిగ్రీలు వాల్చండి. అగ్గిపుల్ల మందం ఆసరా పెట్టినా చాలు. నల్లదనం పక్కకు జరిగిపోతుంది. కోడిగుడ్డు ఆకారం, పొడుగు ఆకారం రాళ్లలో మధ్యన సీతాకోకచిలుక రెక్కల్లా నల్లటి నీడ ఉంటుంది. అది కోత వల్ల వచ్చేది, తగ్గించగలం గానీ పూర్తిగా పోదు.

కింద కాగితం కనిపిస్తోందంటే రాయి అడుగు పల్చగా కోశారని అర్థం. కాంతి తిరిగి రాకుండా కిటికీలోంచి పోయినట్టు కిందికి పోతోంది. వక్రీభవన గుణకం తక్కువున్న స్ఫటికం (1.54), పచ్చ (సుమారు 1.58) లాంటి రాళ్లలో ఇది ఎక్కువ. అలాంటి రాయిని కూడా వాల్చి చూడండి. ఏ కోణంలో ఎక్కువ పలకలు వెలుగుతాయో అదే ఆ రాయి మంచి ముఖం. విడి రాయి అయితే కింద అదే రంగు ఛాయ ఉన్న కాగితం పెట్టే అలవాటు కొందరికి ఉంది. అమ్మకానికి పెట్టే ఫొటోలో అలా చేయకండి, అది కొనేవాళ్లను తప్పుదారి పట్టించడమే.

## కెమెరా, ఫోకస్

ఫోన్ దగ్గరికి తీసుకెళ్తే బ్లర్ అయిపోతోంది. ఎలా?

దగ్గరికి వెళ్లడం మానేసి, వెనక్కి జరిగి 2ఎక్స్ లేదా 3ఎక్స్ పెట్టండి. మరీ దగ్గరికి వెళ్తే చాలా ఫోన్లు తమంతట తామే అల్ట్రావైడ్ లెన్స్‌కు మారిపోతాయి. దాంతో ఉంగరం ముందు భాగం ఉబ్బినట్టు వస్తుంది, ఫోన్ నీడ కూడా నగ మీద పడుతుంది. రాయి మీద వేలు కాసేపు నొక్కి పట్టి ఫోకస్, ఎక్స్‌పోజర్ లాక్ చేయండి, ఆ తర్వాత సూర్యుడి గుర్తును కాస్త కిందికి లాగి వెలుగు తగ్గించండి. పోర్ట్రెయిట్ మోడ్ వద్దు, అది ప్రాంగ్స్‌ను, గొలుసు అంచులను కూడా బ్యాక్‌గ్రౌండ్ అనుకుని మసకబారుస్తుంది.

ఉంగరం ముందు భాగం స్పష్టంగా ఉంటే వెనక బ్లర్ అవుతోంది. అపర్చర్ ఎఫ్/22 పెడితే సరిపోతుందా?

స్పష్టంగా వచ్చే లోతు కాస్త పెరుగుతుంది, కానీ ఫొటో మొత్తం మెత్తబడుతుంది. ఎఫ్ అంకె పెద్దదైతే లెన్స్ రంధ్రం (అపర్చర్) చిన్నదవుతుంది, ఆ చిన్న రంధ్రంలోంచి పోయే కాంతి చెదిరి వివరాలను కరిగించేస్తుంది. మ్యాక్రోలో ఈ బెడద రెట్టింపు. వస్తువు సెన్సర్ మీద అసలు సైజులోనే పడేంత దగ్గరగా తీస్తే, ఎఫ్/11 పెట్టినా అది ఎఫ్/22తో సమానంగా పనిచేస్తుంది. ఆ దూరంలో ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) కెమెరాకు ఎఫ్/11 దగ్గర స్పష్టంగా వచ్చే లోతు సుమారు 1.3 మిల్లీమీటర్లు. ఒక క్యారెట్ గుండ్రటి వజ్రం వెడల్పు 6.5 మిల్లీమీటర్లు, లోతు దాదాపు 4. ఉంగరం సంగతి వదిలేయండి, ఒక్క రాయే ఒక షాట్‌లో పూర్తిగా ఫోకస్‌లోకి రాదన్నమాట. ఎఫ్/8 నుంచి ఎఫ్/11 మధ్య ఉండి, అంతా స్పష్టంగా కావాలంటే ఫోకస్ స్టాకింగ్ (తర్వాతి ప్రశ్నలో చెప్పాను) చేయండి. అన్నిసార్లూ అంతా స్పష్టంగా ఉండాలనీ లేదు. రాయి పైభాగం, ముందరి ప్రాంగ్స్ సూదిలా ఉండి, ఉంగరం వెనక మెత్తగా కరిగిపోతే చూపు నేరుగా రాయి మీదికే వెళ్తుంది.

ఫోకస్ స్టాకింగ్ చేస్తే రాయిలో మెరుపు గజిబిజిగా వస్తోంది. ఎందుకు?

స్టాకింగ్ అంటే ఫోకస్‌ను ముందు నుంచి వెనక్కి కొద్దికొద్దిగా జరుపుతూ పదో ముప్పయ్యో ఫొటోలు తీసి, ఒక్కోదానిలో స్పష్టంగా ఉన్న భాగాలను సాఫ్ట్‌వేర్‌తో కలపడం. హెలికాన్ ఫోకస్, జెరీన్ స్టాకర్, ఫొటోషాప్ ఈ పని చేస్తాయి. లోహానికి ఇది అద్భుతం. రాయితోనే చిక్కు. కెమెరా మిల్లీమీటరు జరిగినా వేరే పలకలు వెలుగుతాయి, ఒక ఫొటోలో ఉన్న మెరుపు ఇంకోదాంట్లో ఉండదు. సాఫ్ట్‌వేర్ రెండిటినీ కలిపేసరికి తెల్లటి మచ్చలు మిగులుతాయి.

కెమెరాను ముందుకు జరపకుండా లెన్స్ ఫోకస్‌నే మార్చండి. లైటు, నగ, బల్ల ఏదీ కదలకూడదు. ముఖ్యంగా, రాయి పై పలకల మీద ఫోకస్ పెట్టి, టార్చ్‌ను సరైన కోణంలో ఉంచి రాయి కోసమే ఒక్క ఫొటో విడిగా తీయండి. లోహం స్టాకింగ్ నుంచి, రాయి ఆ ఒక్క ఫొటో నుంచి తీసుకుని మాస్క్‌తో (కావాల్సిన భాగాన్నే కనిపించనిచ్చే సాధనంతో) కలపండి. టైమ్ పడుతుంది, టెన్షన్ పడకండి, రెండు మూడు నగల తర్వాత చెయ్యి అలవాటవుతుంది.

నక్షత్రంలా కిరణాలు వచ్చే మెరుపు ఎలా తీయాలి?

చిన్న గట్టి వెలుగు, ఎఫ్/16 చుట్టుపక్కల అపర్చర్. కిరణాల సంఖ్య లెన్స్ రంధ్రాన్ని చిన్నది చేసే బ్లేడ్లను (రేకులను) బట్టి ఉంటుంది. బ్లేడ్లు సరిసంఖ్య అయితే అన్నే కిరణాలు, బేసి సంఖ్య అయితే రెట్టింపు. 8 బ్లేడ్లకు 8, 9 బ్లేడ్లకు 18 వస్తాయి. ఒకటో రెండో నక్షత్రాలు చాలు, ఎక్కువైతే రాయి ఆకారమే కనిపించదు. యాప్‌లో అతికించే నక్షత్రాలు నాకు నచ్చవు, అవి రాయి లోంచి వచ్చినవి కావని చూడగానే తెలిసిపోతుంది.

వీడియోలో మెరుపు బాగుంది గానీ నల్ల చారలు వస్తున్నాయి. ఎలా పోగొట్టాలి?

మెరుపుకు వీడియోను మించింది లేదు, ఎందుకంటే కదలిక తిరిగొస్తుంది. చారలు మాత్రం కరెంటుతో పాటు మినుకుమనే లైటు వల్ల వస్తాయి. కరెంటు 50 హెర్ట్జ్ అయితే షటర్ వేగం 1/50 లేదా 1/100 సెకను, 60 హెర్ట్జ్ అయితే 1/60 లేదా 1/120 పెట్టండి. నగను తిరిగే పళ్లెం మీద చాలా నెమ్మదిగా తిప్పండి. వేగంగా తిప్పితే మెరుపులు గీతలై చెదిరిపోతాయి.

## రాయిని బట్టి

కెంపు ఫొటోలో ఎర్రటి ముద్దలా వస్తోంది. పలకలే కనిపించడం లేదు.

ఫొటోలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు చానళ్లు ఉంటాయి. కెంపులో ఎరుపు చానల్ ఒక్కటే నిండి పొంగిపోతుంది, మిగతా రెండూ దాదాపు ఖాళీ. మొత్తం ఫొటో వెలుగు సరిగ్గానే ఉందని కెమెరా చూపిస్తున్నా, ఎరుపులో వివరం అప్పటికే పోయి ఉంటుంది. విడి చానళ్ల హిస్టోగ్రామ్ (వెలుగు గ్రాఫ్) చూపించే కెమెరా అయితే ఎరుపు గ్రాఫ్ కుడి గోడకు తగలకుండా చూసుకోండి. ఫోన్‌లో అయితే ఎక్స్‌పోజర్ బాగా తగ్గించి తీయండి. వీలుంటే రా (RAW, కెమెరా మార్పులు చేయని ముడి ఫైల్) ఫార్మాట్‌లో తీయండి. శాచురేషన్ (రంగు గాఢత) పెంచాలనిపిస్తే ముందు తగ్గించి చూడండి, దాక్కున్న పలకలు బయటికొస్తాయి.

నీలం రాయి నల్లగా, పచ్చ రాయి రంగు తేడాగా వస్తున్నాయి. సరైన రంగు ఎలా?

ముదురు నీలం రాయి కాంతిని బాగా మింగేస్తుంది. లైటును పక్కనుంచి కాకుండా లెన్స్‌కు వీలైనంత దగ్గరగా, కొంచెం పైనుంచి వేయండి, లోపలి నీలం తేలుతుంది. రంగు కోసం ప్రతి సెటప్‌లో మొదటి ఫొటో గ్రే కార్డుతో (బూడిదరంగు అట్టతో) తీసి, దాని మీద వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగా వచ్చేలా రంగు సర్దుబాటు) పెట్టుకోండి. ఆటో వైట్ బ్యాలెన్స్ ఫ్రేమ్‌లో పచ్చ పెద్దగా కనిపిస్తే దాన్ని తగ్గించాలని చూస్తుంది, అందుకే నగ నగకూ రంగు మారుతుంటుంది. టాంజనైట్ లాంటి రాళ్లు ఒక దిక్కు నుంచి నీలంగా, ఇంకో దిక్కు నుంచి ఊదాగా కనిపిస్తాయి. అక్కడ కెమెరా తప్పేమీ లేదు, మీకు కావాల్సిన దిక్కు తిప్పుకోండి. అలెగ్జాండ్రైట్ అయితే పగటి వెలుగులో ఆకుపచ్చ, పాతకాలపు ఫిలమెంట్ బల్బు కింద ఎరుపు. దానికి రెండు ఫొటోలూ పెట్టాలి.

ముత్యం, ఓపల్, నక్షత్ర నీలం లాంటివాటికీ ఇదే వెలుతురా?

కాదు, ఒక్కోదాని మెరుపు ఒక్కో చోటు నుంచి వస్తుంది.

ముత్యం మెరుపు పైపొరల్లో ఉంటుంది. పెద్ద మెత్తటి వెలుగు ఒక పక్కనుంచి ఇచ్చి, రెండో పక్క కాస్త చీకటి వదలండి. అన్ని వైపులా తెలుపు పెడితే గుండ్రటి ముత్యం చదునైన బిళ్లలా వస్తుంది.

ఓపల్‌లో సిలికా గోళాలు అతి సన్నగా వరుసగా పేర్చి ఉంటాయి, రంగులు వాటి మధ్య చెదిరే కాంతివి. కోణం మారితే రంగు మారుతుంది. ఒకే దిక్కు నుంచి గట్టి వెలుగు వేసి, రాయిని మెల్లగా చుట్టూ తిప్పండి. ఎర్రటి మెరుపు ఎక్కువగా కనిపించే చోట ఆపండి.

నక్షత్ర నీలం, వైడూర్యం లాంటి నున్నటి గుండ్రటి రాళ్లకు ఒకే ఒక్క చుక్క వెలుగు, నేరుగా పైనుంచి. లోపలి సన్నని సూదుల్లాంటి స్ఫటికాల మీద పడిన వెలుగే నక్షత్రంగానో, కంటి గీతగానో కనిపిస్తుంది. రెండో లైటు వేశారంటే రెండో నక్షత్రం వచ్చి అసలుదాన్ని చెడగొడుతుంది.

వజ్రమా, లేక వజ్రంలా కనిపించే జిర్కోనియానా, మోయిసనైటా అన్నది ఫొటోలో తెలుస్తుందా?

నమ్మకంగా చెప్పలేం. తెల్లకాంతిని రంగులుగా విడదీసే గుణం వజ్రంలో 0.044, క్యూబిక్ జిర్కోనియాలో 0.060, మోయిసనైట్‌లో 0.104. కాబట్టి చుక్క వెలుగు కింద మోయిసనైట్‌లో రంగులు ఎక్కువగా చిమ్ముతాయి. కానీ లైటు మార్చితే ఆ తేడాను దాచేయొచ్చు, లేనిది చూపించనూవచ్చు. ఫొటో చూసి వజ్రం కొనకండి, పరీక్ష చేయించండి.

## ఎడిటింగ్

ఎడిటింగ్‌లో మెరుపు పెంచొచ్చా? ఎంతవరకు తప్పు కాదు?

దుమ్ము, నూలుపోగులు, మైనం, వేలాడదీసిన దారం తీసేయొచ్చు, అవి నగలో భాగం కావు. ఉన్న మెరుపును డాడ్జ్ టూల్‌తో కాస్త తెల్లగా, నల్లటి పలకలను బర్న్ టూల్‌తో కాస్త నల్లగా చేయొచ్చు. రాయి లోపలి మచ్చలు, పగుళ్లు, రంగు మాత్రం మార్చకండి. ఆ మచ్చ ఆ రాయిదే, దాన్ని బట్టే విలువ ఉంటుంది. క్లారిటీ స్లైడర్‌తో (వెలుగునీడల తేడాను పెంచే మీటతో) చాలా జాగ్రత్త. కొంచెం పెంచితే పలకలు విడివిడిగా కనిపిస్తాయి, ఇంకొంచెం పెంచితే బంగారం మీద కంటికి కనిపించని గీతలన్నీ తేలి కొత్త నగ పాతదిలా అయిపోతుంది. ఆ స్లైడర్‌ను మొత్తం ఫొటోకు కాకుండా రాయి మీద మాత్రమే వాడండి.

నా స్క్రీన్‌లో బాగున్న రంగు వేరేవాళ్ల ఫోన్‌లో మారిపోతోంది. ఏం చేయాలి?

ఫైల్ సేవ్ చేసేటప్పుడు ఎస్‌ఆర్‌జీబీకి (sRGB, చాలా తెరలు వాడే మామూలు కలర్ స్పేస్, అంటే రంగుల పరిధి) మార్చి, ఆ పరిధి ఏదో చెప్పే కలర్ ప్రొఫైల్ కూడా జత చేయండి. కొన్ని ఫోన్లు, కెమెరాలు ఇంకా విశాలమైన కలర్ స్పేస్‌లో సేవ్ చేస్తాయి. ప్రొఫైల్ ఊడిపోయి ఇంకోచోట తెరిస్తే కెంపులూ పచ్చలూ వెలిసిపోతాయి. ఎడిట్ చేసేటప్పుడు స్క్రీన్ వెలుగు సగానికి తగ్గించి, రాత్రిపూట తెరను పసుపు చేసే మోడ్ ఆపేయండి. పెట్టే ముందు కనీసం రెండు వేర్వేరు ఫోన్లలో చూడండి. నగ ఇంకా మీ దగ్గరే ఉంటే కిటికీ దగ్గరికి తీసుకెళ్లి ఫోన్ పక్కన పెట్టి పోల్చండి. రెండూ కలవకపోతే ఫొటోనే మార్చండి.